దిగని మేకు

గ్రీష్మము పోయియు పోక శరత్తు వచ్చియు రాక యాకాశమెల్ల కాచిన యిత్తడిపళ్లెమువలె నిర్మేఘమై నిశ్చలమై నిర్దయమై వ్రేలాడుచున్న యా దినములలో రోమానగరపు ప్రక్కను పాఱు టైబరునది సగమునకు చిక్కి తన యొడ్డుల కుళ్లినబురదను బయలుపఱచుకొని పడియుండెను. అంగడివీధులలో బండిచక్రముల రొద యణగి శవవాహకుల యడుగులచప్పుడు హెచ్చెను. చితిధూమము కొండకును కొండకును నడుమ నీలితెరలు కట్టెను. మరణసూచకముగా వాకిట సైప్రసుకొమ్మ కట్టని యిల్లు వెదకినను కానరాని యా నగరమును మహామారి మూడుమాసములుగా నేలుచుండెను. ఏటేట ప్రజలెన్నుకొను పాలకులిద్దఱిలో నొకడు మరణించెను. రెండవవాడు మంచముపట్టి తన పేరునే మఱచెను.

ఇట్టి యాపదకు రోమకులెఱిగిన మందొక్కటియే. సర్వాధికారి యను నొక్కని నియమించి వానిచేత కాపిటోలుకొండమీది జూపిటరుదేవాలయపు కుడిగోడలో సెప్టెంబరు పున్నమనాడు ఇనుపమేకొకటి కొట్టింతురు. ఆ మేకుతో పీడయు గోడలో బిగిసిపోవునని వారి నమ్మకము. సర్వాధికారికి ముందు కట్టెమోపులలో గొడ్డళ్లు బిగించుకొని యిరువదినలుగురు దండధరులు నడతురు. వాని తీర్పుమీద ప్రజలకు మొఱపెట్టుకొను దారి లేదు. వాడు చంపుమన్నచో చంపుటయే. అంతటివానికిని నిషేధమొక్కటి కలదు: వాడు గుఱ్ఱమెక్కరాదు. గుఱ్ఱమెక్కిన సర్వాధికారి యేనాడో రాజై కూర్చుండునని పూర్వులు భయపడిరి. కావున తనకు మాఱుగా గుఱ్ఱమెక్కి సేన నడుపుటకు నొక యుపసేనానిని వాడే యేరుకొనును. అతడే యశ్వాధిపతి. అశ్వాధిపతి యధికారము సర్వాధికారి యధికారమునకు నీడ; మనిషి లేచిపోయిన క్షణముననే నీడయు లేచిపోవునట్లు సర్వాధికారి పదవి విడిచిన గడియ యేదో యశ్వాధిపతి సామాన్యపౌరుడగు గడియయు నదియే. మేకుకొఱకు నియమింపబడినవాని పదవి మేకు దిగువఱకే; నడుమ యుద్ధము వచ్చిపడినచో మాత్రము అది ముగియువఱకు నిలుపుకొనుట వాని యిష్టము.

ఆ యేడు సర్వాధికారియైనవాడు వొపిస్కస్ నౌతియస్. పూర్వులు జయించిన యుద్ధముల చిత్తరువులు గోడలనిండ వ్రేలాడు గృహమున పుట్టి తానొక్క యుద్ధమైన జయింపకయే డెబ్బదియేండ్లు నిండినవాడు. పొగడ్తలేని దినమును ఉప్పులేని కూటివలె నుమియువాడు. అతడు తన యశ్వాధిపతిగా కేసో హెర్మీనియసు నేరుకొనెను. ఈశాన్యపుకొండలలోని ఫెరాలాదుర్గమును మూడేండ్లు కాచి చెంపమీద కత్తిగాటుతో తిరిగివచ్చిన యా నలువదియేండ్ల యోధుడు నవ్వినను కోపించినట్లే కానవచ్చును. మేకుకొట్టు ముసలివానికి గుఱ్ఱపుదళపతితో పనియేమి యని యడుగవచ్చును. పనిలేదు, ఆచారము కలదు. ఊరేగింపున తన వెనుక నడచుటకు పేరుపొందిన మనిషి యొకడున్నచో తన పేరును పెరుగునని యెంచియే నౌతియసు వానిని కోరెను. హెర్మీనియసది యెఱిగియే యొప్పుకొనెను. మహామారికి చేయగలిగినది మఱేమియు నతనికి తోచలేదు.

పున్నమకు రెండుదినముల ముందు మిట్టమధ్యాహ్నమున ఫెరాలానుండి వచ్చిన సైనికుడొకడు నగరద్వారమున గుఱ్ఱముతోకూడ కూలెను. వాని నాలుక నల్లనై వాచియుండెను. వాడు చెప్పినది నాలుగుమాటలలో నున్నది. విన్న హెర్మీనియసు తలపై గుడ్డయైన కప్పుకొనక యెండలోనే నౌతియసుగృహమునకు నడచెను. వార్త యతనికంటె వేగముగా నడచినందున ఫెరాలాలోని సైనికుల తల్లులు కొందఱప్పటికే యా వాకిట గుమిగూడియుండిరి.

లోపలి యంగణమున నౌతియసు సుత్తి సాధన చేయుచుండెను. సేవకులిద్దఱు ఓకుమ్రాని పలకను పట్టుకొని తల వెనుకకు వాల్చి కన్నులు మూసికొనియుండిరి. పలకనిండ గుంటలే కాని మేకు లేదు.

"ప్రభూ, కొండజాతి ఈక్వీయులు ఫెరాలాను ముట్టడించిరి. లోన మున్నూఱుమంది. ఊట శత్రువుల చేజిక్కినది. తొట్టిలో మిగిలిన నీరు పున్నమనాటి సాయంకాలమువఱకు సరిపోవును" అని హెర్మీనియసనెను.

"నేను మేకుకొఱకు నియమింపబడితిని. యుద్ధముకొఱకు కాదు."

"సుత్తిపట్టిన చేయి కత్తిపట్టరాదని చట్టము చెప్పలేదు. తమరు కదలనక్కఱలేదు. గుఱ్ఱమెక్కుటకే గదా నన్ను పెట్టుకొన్నారు. ఎక్కనిండు."

"ఎక్కి?"

"నాలుగువందల రౌతులతో పోయి వారిని తెత్తును."

నౌతియసు సుత్తిని సేవకుని చేతికిచ్చి చేతులు తుడిచికొనెను. "తెచ్చినచో ఆ జయమెవ్వరిది?"

"తమది. తమరు చూచిన శకునములమీద తమ పేరిట జరుగు యుద్ధము. చట్టమట్లు చెప్పుచున్నది."

"చట్టము చెప్పును హెర్మీనియా. వీధి చెప్పదు."

వాకిట తల్లుల యేడుపు పెద్దదయ్యెను. ఆ యేడుపునకు వెనుక నింకొక ధ్వని, గుంపు సన్నగా కఱకుగా గొణుగునట్టిది, వినవచ్చెను. నౌతియసు తలయెత్తి వినెను. పిదప ద్వారమువఱకు నడచి యందఱు వినునట్లు "అశ్వాధిపతీ, పొమ్ము. నా పేరిట పోయి నా సైనికులను తెమ్ము" అని పలికెను.

హెర్మీనియసు కదలలేదు. "ప్రభూ, ఒక్క మనవి. మేకు పున్నమనాటి యుదయమున దిగును. కొండదారిని శత్రువు కనుగప్పి పోవలయును గనుక నేనా యపరాహ్ణమునకు కాని ఫెరాలాను చేరజాలను. మేకు కొట్టినంతనే తమరు పదవి విడిచినచో కొండమీద నా చేతిలో నుండునది యధికారము కాదు, నేరము. రెండుదినములు పదవి నిలుపుకొనుడు."

"రెండుదినములేమి? నీవు తిరిగివచ్చి నా వెనుక నిలుచువఱకు నిలుపుకొందును. ఈ తల్లులే సాక్షులు."

తల్లులు నేలకు వంగి మ్రొక్కిరి. హెర్మీనియసు కూడ మ్రొక్కెను. ఆ దినమున నతడు చేసిన తప్పిదమదియొక్కటియే.

సాయంకాలమునకు ముందే నాలుగువందల రౌతులు ద్వారము దాటిరి. మూడుమాసములుగా శవములనే సాగనంపుచున్న జనము బ్రతికినవారిని సాగనంపు భాగ్యము కలిగినందున మిద్దెలెక్కి గోడలెక్కి జయసూచకములైన లారెలుకొమ్మలు విసరి హెర్మీనియసు పేరు పిలిచి పిలిచి గొంతులు బొంగురుపోగొట్టుకొనెను. ఆచారానుసారము సాగనంపవచ్చిన సర్వాధికారి పల్లకిలో నుండెను. వానివైపు చూచినవాడు లేడు. అప్పుడెవ్వతెయో యుల్లిగడ్డల గంపతో నిలిచిన ముసలిది "గుఱ్ఱమేమో పోవుచున్నది. మనకు మిగిలినవాడు సుత్తి తాత" అనెను. గుంపు నవ్వెను. మూడుమాసములలో రోమానగరము నవ్విన మొదటినవ్వది. అది పల్లకితెరను దాటి లోనికి పోయెను. లోననున్న చేయి తెరను మూసెను.

రెండుదినములు రౌతులు గుఱ్ఱముల డెక్కలకు గోనెపీలికలు చుట్టి లోయల వెంబడి నడచిరి. హెర్మీనియసు ప్రక్కను లార్షియసు నడచెను. ముప్పదియేండ్లు దళమునందుండి పండ్లన్నియు పోగొట్టుకొని మాటమాత్రము పోగొట్టుకొనని వృద్ధుడాతడు. "దొరా, సర్వాధికారి గుఱ్ఱమెక్కరాదను నియమము పెట్టినవారెవ్వరో కాని గుఱ్ఱములమీద దయగలవారు" అనెను. హెర్మీనియసు నవ్వెను, కోపించినట్లే కానవచ్చెను.

పున్నమనాడు ప్రొద్దు నడినెత్తినుండి వాలుచుండగా వారు గుట్టయొకటి యెక్కి తుమ్మపొదల చాటున నిలిచిరి. ఎదుటి కొండమీద ఫెరాలా తన బూడిదరంగు గోడలతో నుండెను. గోడకు ఎఱ్ఱగుడ్డ కట్టియుండెను. నీరు తీరినదని దాని యర్థము. దిగువను ఈక్వీయుల గుడారములలో వంటపొగలు లేచుచుండెను. ఊటనీటితో గుఱ్ఱములను కడుగుచున్నవారి నవ్వులు గాలిలో వచ్చుచుండెను. హెర్మీనియసు చేయెత్తెను. రౌతులు జీనులు బిగించుకొనిరి.

అంతలో వెనుకదారిని నురుగులు గ్రక్కుచున్న గుఱ్ఱముమీద దండధరుడొకడు వచ్చెను. దళమునకు రెండుదినములైన దారిని మార్పుగుఱ్ఱములతో రాజబాటను వచ్చినవాడు పూటలో దాటెను. వాడు దిగి కన్నులెత్తక వ్రాతతోనున్న మైనపుపలకను చేతికిచ్చెను.

హెర్మీనియసు పైకే చదివెను. "పున్నమనాటి తొలిజామున మేకు దిగినది. పదవి విడిచితిని. హెర్మీనియస్ నేటినుండి సామాన్యపౌరుడు. ఆతడాయుధపాణులను నడిపినచో కొరడాదెబ్బలును శిరశ్ఛేదమును తప్పవు. నౌతియస్."

హెర్మీనియసు కోపమున నఱచువాడు కాడు. వాని చెంపమీది గాటుమాత్రము తెల్లబడెను. మున్నూఱుగురి ప్రాణములను తన పేరుప్రక్కను పెట్టి తూచి పేరే బరువని తేల్చుకొన్న ముసలివానిని, తల్లులను సాక్షులుగా నిలిపి పలికిన మాటను, ఆ మాటకు నేలకు వంగిన తన మెడను తలచుకొని యతడు మైనపుపలకను రెండుచేతుల పట్టి మెల్లగా, ఎండుకొమ్మను విఱిచినట్లు, రెండుగా విఱిచెను.

"దొరా" అని లార్షియసు మెల్లగా ననెను, "ఈ దూతగుఱ్ఱము వాగులో కాలుజాఱినది. ఈతడు ప్రొద్దుక్రుంకిన పిదప వచ్చినాడు. మేమెవ్వరము ఈతనిని చూడలేదు. ఏమోయి, నీకు అభ్యంతరమున్నదా?"

"నాకు లేదయ్యా" అని దండధరుడనెను. "కాని నాకు పిల్లలున్నారు."

"అబద్ధమక్కఱలేదు" అని హెర్మీనియసు తన యెఱ్ఱని సేనానికంబళిని భుజముమీదినుండి తీసి మడిచి విఱిగిన పలకతోకూడ దండధరుని చేత పెట్టెను. పిదప రౌతులవైపు తిరిగెను.

"మిమ్ము నాకు కట్టిన ప్రమాణము ఈ యుదయమున తెగినది. నేను మీకేమియు కాను. ఇంటికి పోవువారికి బాట వెనుకనున్నది. వారిని నేను నిందింపను, చట్టము మెచ్చుకొనును. నాకు ఆ కొండమీద మున్నూఱుమంది పరిచితులున్నారు. చూచి రావలెనని యున్నది. బాటసారి తన బాటను పోవుట నేరము కాదు. అడ్డము వచ్చినవారి సంగతి నేను చూచుకొందును."

లార్షియసు కళ్లెము సవరించుకొనెను. "నాకును ఆ బాటనే పని తగిలినది. దొరా యనవచ్చునా కూడదా?"

"కూడదు."

"అట్లయిన ముందు నడువు కేసో. నీ వీపు నాకు చాటుగా నుండును."

నాలుగువందలలో వెనుకకు మఱలినవారు పదునొక్కరు. మిగిలినవారు కొమ్ముబూర లేక జెండా లేక సేనాని లేక, మాటైన లేక, కొండవాగు వెల్లువవలె గుట్టదిగి వంటపొగలమీద పడి గుడారముల త్రాళ్లు తెగనఱకి ఊటయొద్ద గుఱ్ఱములను కడుగుచున్నవారిని ఊటలోనే త్రొక్కి ఫెరాలాద్వారమువఱకు దారి చేసిరి. ఈక్వీయులు తేఱుకొని బల్లెములందుకొనులోపల కోటలోని వారును నోట తడిలేని కేకలతో ద్వారము తెఱచుకొని పైబడిరి. ప్రొద్దుక్రుంకకముందే కొండవాలు నిర్మానుష్యమయ్యెను. మున్నూఱుమందిలో రెండువందలయెనుబదిమంది యూటయొద్ద బోర్లపడి పశువులవలె నీరు త్రాగిరి. హెర్మీనియసు వారు త్రాగుట ముగియువఱకు చూచి దండధరునియొద్దకు నడచి ముంజేతులు చాచెను.

"ఇక కట్టుము."

వాడు కట్టలేక యేడ్చెను. లార్షియసే వదులుగా కట్టెను.

పదియవనాడు సభాస్థలమున హెర్మీనియసు విచారణ జరిగెను. ఆ పదిదినములలో మహామారి తగ్గలేదు, పెచ్చుమీఱెను. మేకు దిగిన పిమ్మట పీడ పెరుగుట యెవ్వరును విని యెఱుగరు. జనము చావు వాసనతోనే సభకు వచ్చెను. శిక్ష యమలుపఱచుటకు దండధరులు గొడ్డళ్లతో నొకప్రక్కను నిలిచిరి. నౌతియసు తెల్లని యుత్తరీయముతో లేచి యభియోగము చదివెను. అధికారము లేని మనిషి యాయుధపాణులను నడిపినాడు. జయించినాడు గనుక మన్నించినచో రేపు ఓడిపోవువాడును నడుపును. చట్టమునకు జయముతో చుట్టఱికము లేదు.

"తమరు మాయెదుట మాటయిచ్చితిరి" అని తల్లులలో నొకతె యనెను.

"మాట చట్టము కాదమ్మా" అని నౌతియసు మృదువుగా ననెను.

అప్పుడు గుంపును చీల్చుకొని యొక బక్కపలుచని మనిషి గుడ్డమూటతో వచ్చి వేదికయెదుట నిలిచెను. వాని జుట్టు శోకముచేత బూడిదగా నుండెను.

"నా పేరు ముతిలస్. జూపిటరుగుడి తలుపులు తీయువాడను, మూయువాడను. అయ్యలారా, మేకు దిగలేదు" అని గుడ్డ విప్పెను. అందు జానెడు పొడవు ఇనుపమేకు కొడవలివలె వంగియుండెను.

"ఆనాడు జనము రాకమునుపే ఈ దొర వచ్చినాడు. వాకిట దూతగుఱ్ఱము జీనుతో నిలిచియున్నది. దొర చూపు గోడమీద లేదు, ఆ గుఱ్ఱముమీద నున్నది. ఒక్కదెబ్బ కొట్టినాడు. మేకు వంగినది. ఇంకొకటి తెత్తునంటిని. కొట్టినది కొట్టినట్టే, పూలదండ కప్పుమన్నాడు. కప్పితిని. నోరు తెఱచినచో నా వీపున తోలుండదన్నాడు. మూసితిని. ఆ మూసిననోటితోనే యీ పదినాళ్లలో నా పెండ్లామును, ఇద్దఱు కూతుండ్రను చితికి మోసితిని. ఇక నా వీపుతో నాకు పనిలేదు. కొట్టుకొమ్మనుడు."

ప్రధానార్చకుడు తన వారిలో నిద్దఱిని కొండమీదికి పంపెను. వారు వచ్చి వాడిన దండ వెనుక గోడలో గోరంత గంటు తప్ప మేకు లేదని చెప్పిరి. వృద్ధార్చకులు తలలు దగ్గఱ పెట్టుకొని చాలసేపు మాటలాడుకొనిరి. తుదకు ప్రధానార్చకుడు లేచెను.

"మేకుకొఱకు నియమింపబడినవాడు మేకు దిగక పదవి విడువజాలడు. విడిచితినన్న మాట చెల్లదు. నౌతియస్ నేటికిని సర్వాధికారి. హెర్మీనియస్ నేటికిని అశ్వాధిపతి. అశ్వాధిపతి సేన నడుపుట నేరము కాదు."

లార్షియసు పండ్లులేని నోటితో కేక వేసెను. తల్లులు వేదికవైపు ఉరికిరి. ఆ సంతోషము సగములోనే తెగెను. ఏలయన నౌతియసు నవ్వుచుండెను.

"విన్నారుగదా. నేనింకను సర్వాధికారిని. విచారణతోను మీ యోటుతోను నాకు పనిలేదు. సేన నడుపవలదని నా ముద్రతో పంపిన యాజ్ఞ సర్వాధికారి యాజ్ఞయే యైనది. దానిని చదివి విఱిచి పాఱవైచినవాడు వీడు. నా తీర్పుమీద మొఱ లేదు. దండధరులారా, మోపులు విప్పుడు."

చట్టమక్షరమక్షరమున నాతనిపక్షమున నుండెను. చట్టము నెఱిగినవారందఱు తలలు వంచుకొనిరి. హెర్మీనియసొక్కడే తలయెత్తి ముసలివానికి రెండడుగుల దూరమువఱకు నడచెను. అతని గొంతున పదిదినముల కోపమణగియుండెను. మాటమాత్రము గడ్డకట్టిన నీటివలె చల్లగా వచ్చెను.

"నిజము, ప్రభూ. తమరు చంపుమన్నచో వీరు చంపవచ్చును. నీడకు అడ్డుచెప్పు నోరు లేదు. కాని సర్వాధికారి మఱచినదానిని జ్ఞప్తిచేయుట యశ్వాధిపతి పని. తమరు నియమింపబడినది నా తలకొఱకు కాదు."

సభలో నెక్కడనో యొక యాడుగొంతు "మేకు" అనెను. ఇంకొకటి యనెను. కేకలు కావు; దంపుడుపాటలో రోకళ్లు పడినట్లు నెమ్మదిగా నొకదానిమీద నొకటిగా నా మాట పడుచు వచ్చెను. జనము కదలెను. సభాస్థలమునకు నాలుగుదిక్కుల వీధులుండగా మూడుదిక్కుల వీధులు మనుష్యులతో మూసికొనిపోయెను. కాపిటోలుకొండకు పోవు వీధియొక్కటి తెఱచియుండెను. ముసలివారి చేతులలో, పసిపాపలను పోగొట్టుకొన్న తల్లుల చేతులలో వీధిరాళ్లుండెను. ఎవ్వరును విసరలేదు. ఉల్లిగడ్డల ముసలిది ముందుకు వచ్చి "నడువుము తాతా. ముందు మేకు" అనెను.

"మోపులు విప్పుడంటిని" అని నౌతియసు అఱచెను.

దండధరులలో ముందునిలిచినవాడు ఫెరాలాకు పలక మోసినవాడే. వాడు గొడ్డలిని నేలకు ఆనించెను. "ప్రభూ, నాకు పిల్లలున్నారు. ముందు మేకు."

నౌతియసు నడచెను. పల్లకి తెచ్చినవాడు లేడు. ఇరువదినలుగురు దండధరులు ముందు నడువగా, ఆచారము చెప్పినట్లు అశ్వాధిపతి వెనుక నడువగా, వేలజనము మాటలేక వెంబడింపగా డెబ్బదియేండ్ల సర్వాధికారి కొండమెట్లొక్కొక్కటే యెక్కెను. యుద్ధము ముగిసినది గనుక మేకు దిగిన క్షణమున తన చేతిలో నేమియు మిగులదని వానికి తెలియును. కొట్టకున్న మెట్లు దిగిపోవు దారి లేదనియు తెలియును.

కుడిగోడయందు పూర్వపువారు కొట్టిన మేకులు తుప్పుపట్టి వరుసలు తీరియుండెను. ముతిలసు క్రొత్తమేకును సుత్తిని తెచ్చి వానియెదుట పెట్టి చేతులు కట్టుకొని దూరముగా నిలిచెను. నౌతియసు మేకును ఎడమచేత పట్టెను. చేయి వణకి మేకు జాఱి రాతినేలపై మ్రోగెను. మఱల పట్టెను, మఱల జాఱెను. "ఎవ్వడైన పట్టుకొనుడు" అని యనెను. కదలినవాడు లేడు.

హెర్మీనియసు ముందుకు వచ్చి మేకు తీసి మొనను పాతగంటులో నిలిపి కుడిచేతి మూడువ్రేళ్లతో పట్టెను. "గుఱ్ఱమెక్కుట యొక్కటియే గాదు ప్రభూ. సర్వాధికారి చేయజాలనిదెల్ల యశ్వాధిపతి పనియే. కొట్టుడు."

మొదటిదెబ్బ మేకుమీద పడలేదు. చేతివణకుచేత పడలేదో చేతిలోని విషముచేత పడలేదో చూచినవారు పలువిధములుగా చెప్పుకొనిరి. ఎముక విఱిగిన చప్పుడుమాత్రమందఱు వినిరి. హెర్మీనియసు ముసలివాని కన్నులలోనికి చూచుచు చేయి కదపక "మఱల, ప్రభూ" అనెను. రెండవదెబ్బయు వ్రేళ్లమీదనే పడెను. నెత్తురు మేకువెంబడి దిగి గోడమీద సన్నని గీఱ గీసెను. "మఱల" అని యతడనెను. ఆ చూపు ముందు నౌతియసు మొగము ముడుతలతోకూడ కరగిపోవుచున్నట్లుండెను. మూడవదెబ్బనుండి సుత్తి మేకును తప్పలేదు. ఏడవదెబ్బకు మేకుతల రాతికానెను.

దండధరులు మోపులను దించి గొడ్డళ్లను విడదీసి మాటలేక వెడలిపోయిరి. గుడిలో సామాన్యపౌరులిద్దఱు మిగిలిరి. జనము వారిలో నొకనికి దారియిచ్చెను. రెండవవాడు చేతిలో సుత్తితో చాలసేపు గోడయెదుటనే నిలిచియుండెను. వానిని తిట్టినవాడు లేడు, పిలిచినవాడును లేడు.

ఆ వారముననే వానలు పడెను. మహామారి తగ్గెను. మేకుచేత తగ్గెనని అర్చకులును, వానచేత తగ్గెనని వైద్యులును చెప్పుదురు. ఆ వివాదము మనకు వలదు. నగరపు పట్టికలో నా యేటికి వొపిస్కస్ నౌతియస్ మేకు కొట్టెనని పెద్దయక్షరములతో చెక్కిరి. అశ్వాధిపతి పేరు దానిక్రింద చిన్నయక్షరములతో నుండెను, ఆచారమట్లే కలదు. మూడువ్రేళ్లు వంకరపోయిన హెర్మీనియసు పిమ్మట కళ్లెమును ఎడమచేతనే పట్టుచుండెనట. పరుల నీడగా నిలుచుట సేవకుల విధి కావచ్చును. కాని నీడను రాతిమీద పెట్టి కొట్టినచో నెత్తురు వచ్చునని కొట్టువారెఱిగియుండుట మేలు.

ముతిలసు మఱి పదునెనిమిదియేండ్లు బ్రతికెను. చూడవచ్చినవారు మేకులవరుసలో నల్లని చాఱగల యా యొక్క మేకును చూపి యిది యెవ్వరిదని యడిగినప్పుడెల్ల వాడు తాళపుచెవులగుత్తిని చేతినుండి చేతికి మార్చుకొనుచు నొక్కతీరుననే చెప్పుచుండెను:

"పేరు కొట్టినచేతిది. మేకు పట్టినచేతిది."